బూట్లు విడిచిన ఇల్లు

“ఈ ముడి మా ఆయన ఏసింది కాదు మేడమ్,” అంది దేవి.

నీలంరంగు పరుగు బూట్లు రెండూ డిటెక్టివ్ దుర్గాభవాని ఒళ్లో ఉన్నాయి. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మొదటి అంతస్తు వరండా. ఎదురుగా ఉన్న గదిలో దేవి భర్త గోవింద్ తలకి కట్టుతో, ముక్కులో గొట్టంతో, నాలుగో రోజు కూడా కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు.

“ఎలా చెప్పగలవు?”

“దినమూ సూస్తన్నాను కదా. ఆఖరి కన్నాల్లోంచి తాడు తిప్పి ఉచ్చులాగ సేసి, అందులోంచి మళ్లీ దూర్చి బిగిస్తాడు. మడం కదలకూడదంట. పరుగు మాస్టారు నేర్పినారు. ఇదైతే బడికెల్లే పిల్లలు కట్టినట్టున్నాది. ఆఖరి కన్నాలు ఖాళీగ వదిలీసినారు.”

“ఆసుపత్రిలో విప్పి మళ్లీ కట్టారేమో.”

“నేదు మేడమ్. నా కళ్లెదటే ముడి విప్పకండా లాగీసినారు. అప్పట్నుంచీ నా సంచిలోనే ఉన్నాయి.”

దుర్గాభవాని బూటు లోపల వేలు పెట్టి తడిమింది. ఆమెది విజయనగరం. బీమా కంపెనీల తరఫున ఏళ్ల తరబడి రోడ్డు ప్రమాదాలు విచారించి, ఆ పని విసుగు పుట్టి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ప్రమాదం అని ఎవరైనా అంటే చాలు, నమ్మకపోవడం ఆమెకి వృత్తి తెచ్చిపెట్టిన జబ్బు. నిన్న సాయంత్రం దేవి ఫోన్ చేసి, “మా ఆయన్ని పాల వేను గుద్దిందంటన్నారు, నాను నమ్మను,” అన్న ఒక్క ముక్కకే బయల్దేరి వచ్చింది.

“మేజోళ్లు ఏవి?”

దేవి ముఖంలో భయం కనిపించింది. “ఉతికీసినాను. తప్పేటి మేడమ్?”

“తప్పని కాదు. ఎందుకు ఉతికావు?”

“కుడికాలి మేజోడికి అడుగున మరకున్నాది. పసుప్పచ్చగ, అడ్డంగా గీతలాగ. సబ్బెట్టేతలికి ఎర్రగయిపోనాది. రగతం గావాలనుకున్నాను. డాక్టరుబాబునడిగితే కాళ్లకి దెబ్బలేవీ నేవన్నారు.”

“ఆ మేజోడు జాగ్రత్తగా దాచు. మళ్లీ నీళ్లు తగలనీయకు. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు.” దుర్గాభవాని బూట్లు సంచిలో పెట్టి, “ఇప్పుడు మొదట్నుంచి చెప్పు,” అంది.

గోవింద్ సముద్రపు ఒడ్డు పల్లెలో పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. ముప్పై దాటాక పరుగు మీద పిచ్చి పుట్టింది. డిసెంబరులో విశాఖపట్నంలో జరిగే మారథాన్‌కి పేరు ఇచ్చాడు. చీకటితోనే లేచి పల్లె నుంచి రొయ్యల చెరువుల పక్క మట్టిదారి పట్టుకుని శ్రీకూర్మం దాకా పరిగెత్తి తిరిగి వచ్చేవాడు. రెండు నెలలు ఏ అడ్డూ లేకుండా సాగింది. తర్వాత మొదలైంది.

“ఓ దినం దారంతా సీసా పెంకులు. ఇంకో దినం తుమ్మకంప అడ్డంగా పడీసినారు. మరో దినం కుక్కల్ని ఉసిగొల్పినారు. దారి మార్సుకోమన్నాను. ఆ దారైతే నేల మెత్తగుంటాది, లారీలుండవు అన్నాడు. ఇనలేదు.”

“ఎవరి పనో అనుకున్నాడా?”

“సెరువుల కాడ కాపలావోలు గావాలన్నాడు. లచ్చివారం నాడు మాత్రం సగం పరిగెట్టి తిరిగొచ్చీసినాడు. మొకంలో నెత్తురు నేదు. ఏటయిందంటే సెప్పలేదు. ‘ఎవులికీ సెప్పకు’ అన్నాడు. ఏటి సెప్పకూడదో సెప్పకండానే.”

మర్నాడు శుక్రవారం. తెల్లవారాక కల్వర్టు పక్క పొదల్లో గోవింద్‌ని చూసింది పాల వ్యాను డ్రైవరు చక్రపాణి. వ్యానులో వేసుకుని ఆసుపత్రికి తెచ్చింది కూడా అతనే. దారిలో గోవింద్ పెదవులు కదిలి “పాణి... పాణి...” అన్నాయని చక్రపాణే పోలీసులకి చెప్పాడు. ఆ మధ్యాహ్నానికల్లా ఎస్.ఐ. రమేష్‌బాబు చక్రపాణిని లాకప్‌లో వేశాడు. చావుబతుకుల్లో ఉన్నవాడు పేరు పెట్టి పిలిచాడు, ఇంకేం కావాలి అన్నాడట.

“మీ ఆయనకి చక్రపాణి తెలుసా?”

“మొకం కూడా తెలీదు మేడమ్.”

దుర్గాభవాని లేచి నిలబడింది. ముఖం తెలియని మనిషి పేరు గోవింద్ నోట ఎలా వచ్చిందో దేవి అడగలేదు. అడిగితే ఆ క్షణానికి తన దగ్గర జవాబు లేదు.

జవాబు కల్వర్టు దగ్గర దొరికింది.

ఆమె స్కూటరు ఆపి పొదల్లోకి దిగింది. తల పగిలిన మనిషి పడి ఉన్న చోట నేల ఎంత రక్తం తాగాలో ఆమెకి తెలుసు. ఇక్కడ రాళ్ల మీద నాలుగు చుక్కలు ఎండి ఉన్నాయంతే. బండి గుద్ది ఎగిరిపడిన మనిషి పొద మీద పడితే కొమ్మలు విరుగుతాయి. ఒక్క కొమ్మా విరగలేదు. రోడ్డు అంచు నుంచి గడ్డి మాత్రం ఒకే వైపుకి, ఏదో బరువు ఈడ్చినట్టు, వాలి ఉంది. ఇక్కడ ఎవరూ గోవింద్‌ని గుద్దలేదు. తెచ్చి పడేశారు.

రోడ్డుకి అవతల చెరువులు నీళ్లు తీసేసి ఎండగట్టి ఉన్నాయి. రొయ్యల పట్టుబడి అయిపోయింది. మోటార్లు లేవు, మేత బస్తాలు లేవు, మనుషులు లేరు. చెరువుల నడుమ రేకుల షెడ్డు ఒకటి. ఖాళీ చెరువులకి కాపలా ఎందుకు, పరిగెత్తేవాడి దారిలో సీసా పెంకులు ఎందుకు అనుకుంటూ ఆమె గట్టు మీద నడిచింది.

షెడ్డు షట్టరుకి కొత్త తాళం. కిటికీని ఇటుకలతో మూసి ఎక్కువ రోజులు కాలేదు, సిమెంటు ఇంకా నల్లబడలేదు. షట్టరుకీ నేలకీ మధ్య ఉండే సందులో గోనెసంచులు కుక్కి ఉన్నాయి. బయటి నుంచి. దుర్గాభవాని వంగి ఒక సంచి కొస పట్టుకుంది.

“అది ముట్టుకోకండి.”

వెనక జీపు ఆగి ఉంది. ఎస్.ఐ. రమేష్‌బాబు దిగి, టోపీ సర్దుకుంటూ వచ్చాడు. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి, బీమా కేసుల రోజుల్లో ఆమెకి పరిచయమే. గొంతు ఎప్పుడూ పెంచడు.

“విజయనగరంలో కేసులు అయిపోయాయా మేడమ్?”

“మీరు తొందరపడి ముగించినవి కొన్ని మిగిలాయి కదా అని వచ్చాను.”

“ముగించడానికి ఏముంది ఇందులో? చీకట్లో వ్యాను గుద్దింది. డ్రైవరు దొరికాడు.”

“గుద్దినవాడే ఆసుపత్రికి మోసుకెళ్లి, తన పేరు తనే పోలీసులకి చెప్పుకున్నాడా?”

“భయంలో మనిషి ఏమైనా చేస్తాడు.”

“వ్యానుకి సొట్ట ఉందా?”

“కడిగేశాడు.”

“రక్తమైతే కడిగితే పోతుంది సార్. సొట్ట పోదు.”

రమేష్‌బాబు నవ్వలేదు. “పోలీసు విచారణకి అడ్డం వస్తే మీ మీద కేసు పెట్టాల్సి వస్తుంది. ఆడమనిషని చూడను.”

“చూడొద్దు. నేను అడిగేది ఒక్కటే. ఆ ‘పాణి’ పేరు కాకపోతే?”

“మరేంటి?”

“మా అమ్మది ఇచ్ఛాపురం. చిన్నప్పుడు మా ఇంట్లో దాహమేస్తే ఆ మాటే అనేవాళ్లం. ఒడియాలో పాణి అంటే నీళ్లు.”

“గోవింద్ ఒడియావాడు కాదు.”

“కాదు. దాహమేస్తే నీళ్లే అడుగుతాడు. అతను అడగలేదు సార్, విన్నది చెప్పాడు. పొద్దున్నే ఇటు పరిగెత్తుకుంటూ వస్తుంటే ఎవరో ఒడియాలో నీళ్లు అడగడం విన్నాడు. ఈ ఖాళీ చెరువుల మధ్య అడిగేవాళ్లు ఉంటే ఈ షెడ్డులోనే ఉండాలి. రొయ్యల తలలు వలిచే పనికి ఒడిశా నుంచి కూలీలని తెస్తారు. అలా తెచ్చినవాళ్లని పని అయ్యాక కూడా వదలకుండా లోపలేసి తాళం పెట్టారనిపిస్తోంది.”

ఎస్.ఐ. షట్టరు దగ్గరికి నడిచి లాఠీతో గట్టిగా మూడుసార్లు కొట్టాడు.

“ఎవరున్నారు లోపల? పోలీసులం. ఉంటే పలకండి.”

ఏ చప్పుడూ లేదు. మళ్లీ కొట్టాడు. రేకు కంపించి ఆగింది. లోపల మనుషులు లేని నిశ్శబ్దం వేరు, మనుషులు ఊపిరి బిగపట్టిన నిశ్శబ్దం వేరు. ఇది ఏదో దుర్గాభవాని తేల్చుకోలేకపోయింది.

“భితరే కియే అఛ?” అని తనూ పిలిచింది. లోపల ఎవరున్నారని. జవాబు లేదు.

“విన్నారుగా,” అన్నాడు రమేష్‌బాబు. గొంతులో మునుపటి వెటకారం లేదు. “అయినా మీ మాట కొట్టిపారేయను. తాళం పగలగొట్టాలంటే కాగితాలు కావాలి. సాయంత్రానికి తెప్పించి నేనే దగ్గరుండి తెరిపిస్తాను. అప్పటిదాకా మీరు ఇటు రావద్దు. ఆధారాలు చెడిపోతాయి.”

చేతిలో ఉన్న గోనెసంచి కొస ఆమె వదిలేసింది. దారికి వచ్చాడు, మొండివాడే గాని మూర్ఖుడు కాదు అనుకుంది. బూట్ల సంగతి, మేజోడి సంగతి మాత్రం చెప్పలేదు. అంత మాత్రం జాగ్రత్త ఎందుకు పడిందో అప్పటికి ఆమెకే తెలియదు.

నారాయణమూర్తి మాస్టారి ఇల్లు శ్రీకూర్మం ఊరి మొదట్లోనే. పాతికేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. గోవింద్‌కి పరుగు నేర్పింది ఆయనే. దుర్గాభవాని వెళ్లేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తెరవని పేపరు.

“రా అమ్మా. దేవి ఫోన్ చేసింది, వస్తావని.”

ఆమె చెప్పులు మెట్ల దగ్గర విడిచి అరుగు మీద కాలు పెట్టింది. పెట్టిన కాలు కదపకుండా వెనక్కి తిరిగి తన చెప్పుల వైపే చూస్తూ నిలబడిపోయింది.

“ఏటమ్మా, ఏమైంది?”

“మాస్టారూ, పరుగు మధ్యలో గోవింద్ బూట్లు ఎప్పుడు విప్పుతాడు?”

“విప్పడు. రాయి దూరితే దులుపుకుని మళ్లీ అలాగే కట్టుకుంటాడు. ఆ ముడి నేనే నేర్పాను.”

“ఎవరింటికైనా వెళ్తే?”

మాస్టారు ఒళ్లో పేపరు తీసి పక్కన పెట్టాడు.

దుర్గాభవాని కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. “అతని మేజోడికి పసుపు మరక ఉంది. సబ్బు తగిలితే ఎర్రబడింది. అది పసుపే. శుక్రవారం పొద్దున్న తడిపసుపు ఉండేది గడప మీద. అంటే అతను బూట్లు బయట విడిచి, మేజోళ్లతో ఎవరిదో గడప తొక్కి లోపలికి వెళ్లాడు. అక్కడ తల పగిలింది. తర్వాత ఆ ఇంట్లోవాళ్లు ఎవరో బూట్లు తొడిగి, వచ్చినట్టు ముడేసి, కల్వర్టు దగ్గర పడేశారు. పోయాడనే అనుకుని ఉంటారు.”

“నన్ను అనుమానించి వచ్చావా అమ్మా?”

“మీరైతే ముడి సరిగ్గా వేసేవారు.”

“మా ఆవిడ పోయాక ఈ గడపకి పసుపు కూడా లేదు.” ఆయన గడప వైపు చెయ్యి చూపించాడు. “గోవింద్ లక్ష్మివారం సాయంత్రం వచ్చాడు. ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. చెరువుల షెడ్డులోంచి ఎవరో తలుపు బాదుతున్నారు మాస్టారూ, ఆడమనిషి గొంతు, ‘పాణి పాణి’ అంటన్నాది అన్నాడు. నీళ్లకోసం అని నాకు అర్థమైంది. ఎవరికి చెప్పాలి అనడిగాడు.”

“మీరు ఎవరికి చెప్పమన్నారు?”

“ఇంకెవరికి? ఎస్.ఐ.కి. స్టేషన్లో అయితే పది చెవులుంటాయి, ఆయన ఇల్లు నీ దారిలోనే కదా, పొద్దున్నే పరుగుకి వెళ్తూ ఇంట్లో కలిసి చెప్పు అన్నాను.”

దుర్గాభవాని కుర్చీలోంచి లేచింది.

“శుక్రవారం సంగతి తెలియగానే ఎస్.ఐ. దగ్గరికి పరిగెత్తాను. గోవింద్ మీ ఇంటికి వచ్చాడా బాబూ అనడిగాను. రాలేదు, వచ్చేలోపే వ్యాను గుద్దింది అన్నాడు. షెడ్డు సంగతి నేను రహస్యంగా చూస్తున్నాను, ఎవరికైనా చెప్తే గోవింద్ ప్రాణానికే ముప్పు, దేవికి కూడా చెప్పొద్దు అన్నాడు. పోలీసాయన మాట కదా. నమ్మాను.”

షట్టరు మీద లాఠీ చప్పుడు ఆమె చెవుల్లో మళ్లీ మోగింది. ‘ఉంటే పలకండి’ అన్న గొంతు ఎవరిదో లోపలున్నవాళ్లకి తెలుసు. తెలిసే ఊపిరి బిగపట్టారు. ఆ పక్కనే నిలబడి తను ఒడియాలో పిలిచినా, ఆ మనిషి తెచ్చిన మనిషనే అనుకుని ఉంటారు. సాయంత్రం దాకా రావద్దన్నాడు. సాయంత్రానికి ఆ షెడ్డులో ఏమీ ఉండదు. దానికి దారి చూపించింది తనే.

“మాస్టారూ, మీరు పిలిస్తే పల్లెలో ఎంతమంది వస్తారు?”

“గోవింద్ కోసమంటే పల్లెంతా వస్తాది. వాళ్ల చిన్నాన్న గంగులు ఒక్క కేకేస్తే చాలు.”

“ఇప్పుడే వెళ్లండి. ఆడవాళ్లని కూడా తీసుకెళ్లండి. చెరువుల దారికి అడ్డంగా కూర్చోండి, ఏ బండీ షెడ్డు నుంచి కదలకూడదు. ఎస్.ఐ. వచ్చినా లేవొద్దు. నేను విజయనగరంలో నాకు తెలిసిన పెద్ద పోలీసాఫీసరుకి చెప్తాను.”

“నువ్వు ఎక్కడికమ్మా?”

“ఒకరి గడప చూడాలి.”

ఎస్.ఐ. అద్దెకున్న ఇల్లు రోడ్డు మీదికే ఉంది. ఆఫీసరుకి ఫోన్‌లో చెప్పి ఆమె వెళ్లేసరికి గేటు ముందు జీపు లేదు. తలుపు తీసినామెకి ముప్పై అయిదేళ్లుంటాయి. పేరు కుమారి. సన్నటి మనిషి, నిద్ర లేని కళ్లు. గడపకి మందంగా పసుపు, మధ్యమధ్య కుంకుమ బొట్లు.

“సార్ లేరండి.”

“తెలుసమ్మా. ఆయన చెరువుల దగ్గర ఉన్నారు. నేను గోవింద్ భార్య తరఫున వచ్చాను.”

తలుపు మీద ఉన్న కుమారి చెయ్యి బిగిసింది. వేసేస్తుందనుకుంది దుర్గాభవాని. వెయ్యలేదు. పక్కకి జరిగింది.

లోపల కూర్చున్నాక మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. దుర్గాభవాని గ్లాసు పట్టుకునే అడిగింది.

“గడపకి పసుపు మీరే రాస్తారా?”

“నేనేనండి. శుక్రవారమైతే ఇంకా తెల్లారకుండా రాసేస్తాను. పూజ ఉంటాది కదా.”

“మొన్న శుక్రవారం ఎవరైనా తొక్కారా?”

కుమారి నేల చూసింది. “మళ్లీ రాశాను,” అంది, అడిగినదానికి కాకుండా.

“ఆ అబ్బాయికి ఇద్దరు పిల్లలమ్మా. చక్రపాణి అనే ఇంకొక మనిషి నాలుగు రోజులుగా లాకప్‌లో ఉన్నాడు, ఏ పాపమూ ఎరగడు. ఆ షెడ్డులో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నీళ్లు అడుగుతున్నారని మాత్రం తెలుసు.”

“షెడ్డు,” అంది కుమారి. ఆ మాట దగ్గర ఆమె ముఖం మారిపోయింది. “ఆ షెడ్డు మా అన్నయ్యదండి. తిరుమలరావని, చెరువులన్నీ మా అన్నయ్యవే. ఈయన అన్నయ్య మాట కాదనరు. పెళ్లి నాటినుంచీ అంతే.”

ఈ సంబంధం దుర్గాభవానికి తెలియదు. తెలిసుంటే పొద్దున్న ఆ గోనెసంచి వదిలేది కాదు.

“శుక్రవారం ఏం జరిగిందో చెప్పండి.”

“నేను దేవుడి గదిలో ఉన్నాను. ఎవరో ‘సార్, సార్’ అని పిలిచారు. ఈయన తలుపు తీసి లోపలికి రమ్మన్నారు. మాటలు వినిపించలేదు. ఆ అబ్బాయే చాలాసేపు మాట్లాడినట్టున్నాడు. తర్వాత ఏదో పడ్డట్టు చప్పుడైంది. బయటికి రాబోతే ఈయన గది గుమ్మం దగ్గరికొచ్చి, కానిస్టేబులు వచ్చి వెళ్లాడు, కుర్చీ పడింది, నువ్వు పూజ చేసుకో అన్నారు. తలుపు దగ్గరికి లాగారు.”

“నమ్మారా?”

“కిటికీలోంచి మెట్లు కనబడతాయండి. మెట్ల మీద నీలం బూట్లు ఉన్నాయి.” ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులకి ఏమీ లేకపోయినా. “వెళ్లిపోయాడన్నారు. పరిగెత్తడానికి వచ్చినవాడు బూట్లు వదిలేసి వెళ్తాడేటండి?”

దుర్గాభవాని చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

“హారతి ఇచ్చి మళ్లీ చూస్తే బూట్లు లేవు. జీపు వెళ్లిన చప్పుడైంది. హాల్లో నేల కడిగి ఉంది. పెళ్లైన పన్నెండేళ్లలో ఈయన నేల కడగడం నేను చూడలేదండి. గడప మీద పసుపు చెరిగిపోయి ఉంటే నేను మళ్లీ రాశాను. ఎందుకు చెరిగిందని అడగలేదు. అడిగితే చెప్పేస్తారని భయమేసింది.”

“ఇదే మాట కోర్టులో చెప్పగలరా?”

“ఒక పక్క మొగుడు, ఒక పక్క అన్నయ్య. ఎవరి గురించి చెప్పమంటారు?” అంది కుమారి. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు.

దుర్గాభవాని ఫోన్ మోగింది. మాస్టారు. ఆయాసంతో మాట రావడం లేదు.

“అమ్మా, తాళం పగలగొట్టేశాం. పదకొండుమంది. ఆడవాళ్లే ఎక్కువ. ఒకమ్మాయి లేవలేకపోతన్నాది గాని ప్రాణాలతోనే ఉన్నారమ్మా అందరూ. గంగులు బోట్లో ఉన్న మంచినీళ్లన్నీ తెచ్చి పోశాడు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బళ్లు కూడా దొరికాయి.”

“ఎస్.ఐ. రాలేదా?”

“మేం వెళ్లేసరికే ఉన్నాడు. వాళ్లని ఎక్కించడానికి ఒక వ్యానుని షట్టరుకి ఆనించి పెట్టించాడు. ఆడవాళ్లు చక్రాల ముందు కూర్చునేసరికి లాఠీ ఎత్తాడు. ఇంతలో ఆయనకేదో ఫోనొచ్చింది. విన్నాడు. అంతే, మమ్మల్ని, వ్యానునీ అలాగే వదిలేసి జీపెక్కి శ్రీకాకుళం వైపు పోయాడు. నాకేటో అర్థం కాలేదు.”

“ఎంతసేపైంది?”

“అరగంట పైనే అయింటుంది. ఈ జనానికి నీళ్లిచ్చే గొడవలో పడి నీకు చెప్పడం ఆలస్యమైంది.”

పదకొండుమంది ప్రాణాలతో ఉన్న షెడ్డుని, తన ఉద్యోగాన్ని ముంచే సాక్ష్యాన్ని అలా వదిలేసి పోయాడంటే, అంతకన్నా పెద్ద సాక్ష్యం ఇంకెక్కడో లేచి కూర్చుంది. దుర్గాభవాని దేవి నంబరు నొక్కింది.

“మేడమ్.” దేవి గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఉన్నాయి. “మీకే ఫోను సేద్దామనుకుంటన్నాను. ఆయన కళ్లు తెరిసినాడు మేడమ్. నన్ను గురుతుపట్టినాడు. సెయ్యి పట్టుకున్నాడు.”

“దేవీ, ఈ మాట ఎవరికి చెప్పావు?”

“ఎస్.ఐ. బాబుకి సెప్పినాను. తెలివొస్తే ముందు నాకే సెప్పాల, నాను వచ్చీదాకా ఎవులితోనీ మాటాడించొద్దని మొన్ననే గట్టిగ సెప్పినారు కదా.”

“విను. గదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టు. ఎవరు పిలిచినా తియ్యకు. నర్సులని కేకెయ్యి, వరండాలో ఉన్నవాళ్లందర్నీ పిలు.”

“ఎందుకు మేడమ్? ఆయనొచ్చీసినారు. ఇదిగో, మెట్లెక్కి వస్తన్నారు.”

ఫోనులో బూట్ల చప్పుడు దగ్గరైంది. తర్వాత మగ గొంతు, నెమ్మదిగా, ఎంతో దయగా.

“నాలుగు రోజులుగా తిండి లేదు నీకు. కిందికెళ్లి టీ తాగి రా తల్లీ. నేనుంటాను.”

ఆ గొంతు కుమారికీ వినిపించింది. ఆమె లేచింది. దుర్గాభవాని చేతిలోంచి ఫోను తీసుకుంది.

“దేవీ, నేను ఎస్.ఐ. గారి భార్యని. ఫోను ఒకసారి ఆయనకివ్వమ్మా.”

అవతల గుసగుస. చేతులు మారిన చప్పుడు.

“ఎవరు?”

“నేనేనండి. కుమారిని.” ఆమె కళ్లు మూసుకుంది. “నేను డిటెక్టివ్ గారికి అంతా చెప్పేశాను. అన్నయ్య సంగతి కూడా. ఇంక ఆ అబ్బాయిని ఏం చేసినా మీకు కలిసొచ్చేదేమీ లేదు. వచ్చేయండి.”

అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఎక్కడో దూరంగా నర్సు ఎవరినో పిలుస్తోంది. దుర్గాభవాని రెండో చేత్తో అప్పటికే స్కూటరు తాళంచెవి తీసింది.

“ఏవండీ,” అంది కుమారి.

ఫోనులో గది తలుపు మూసిన చప్పుడు వినిపించింది. వెంటనే గడియ పడింది. గడియ పెట్టింది ఎవరో, దేవి లోపలుందో, బయటుందో వాళ్లిద్దరికీ తెలియలేదు.